మడత బండిలో పెద్దోడు

ధర్మపురిలో కమలవేణి అంగడి ఎక్కడని అడిగితే ఎవరూ పేరు చెప్పి దారి చూపించరు. బోర్డు మీద తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండు పేర్లున్నాయి గాని అవి బోర్డు రాసినవాడికైనా గుర్తున్నాయో లేదో. "రాయిని బండిలో కూర్చోబెట్టి తోస్తుందే, ఆ అమ్మ అంగడేనా?" అని ఎదురడిగి, బస్టాండు వెనక సందులోకి చెయ్యి చూపిస్తారు. సందు మొదట్లో పూలబుట్టలు, తర్వాత ఎవర్‌సిల్వర్ పాత్రల అంగడి, దాని పక్కన ఇది. గుమ్మంలో ఒక చిన్న బండి ఉంటుంది. అందులో నడుముకు బెల్టు, తలకు ఊలు టోపీ పెట్టుకుని ఒక నల్లరాయి కూర్చుని ఉంటుంది. దాని పేరు పెద్దోడు.

పిల్లల సామాన్ల అంగడి అది. ఉయ్యాల గుడ్డలు, స్ప్రింగు ఊయలలు, పాలసీసాలు, గిలక్కాయలు అన్నీ దొరుకుతాయి. కానీ పేరు తెచ్చినవి మాత్రం మడత బండ్లు. పసిబిడ్డల్ని వెంటేసుకుని ఊళ్ళు తిరిగే సంసారాల కోసం వచ్చిన బుల్లి బండ్లవి. విప్పితే బిడ్డ కాళ్ళు చాపుకుని నిద్రపోతుంది. మడిస్తే గొడుగుకంటే కాస్త లావు మూటై భుజానికి తగులుకుంటుంది.

కమలవేణి ఈ ఇంటికి కృష్ణగిరి నుంచి కోడలిగా వచ్చింది. అత్తింటివాళ్ళ పెద్దలు ఏ రాజుల కాలంలోనో ఎద్దుల మీద ఉప్పూ మిరియాలూ వేసుకుని వచ్చి ఇక్కడే ఆగిపోయారట. ఎందుకు ఆగిపోయారో ఎవరికీ తెలియదు, బహుశా ఎద్దులు ఇంక నడవలేమని ఉంటాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదవడానికి మాత్రం తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఇదంతా రాసి చేతిలో పెట్టినా ఆమె చదవలేదు కనుక కాస్త ధైర్యంగానే చెప్పుకోవచ్చు.

అప్పట్లో అంగడి అత్త ముత్తమ్మాళ్‌ది. చెక్క నడకబండ్లు, చెక్క తొట్టిళ్ళు అమ్మేది. కోడలికి ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరి నేర్పించిన సంగతులు రెండు. మొదటిది, అంగట్లో కూర్చున్న నోటి నుంచి "లేదు" అనే మాట రాకూడదు. సరుకు అయిపోతే "రేపు వస్తాది" అనాలి, "ఇది చూడండి, దానికన్నా బాగుంటాది" అనాలి, ఏదీ కుదరకపోతే "రోంత నీళ్ళు తాగి పోండి" అనాలి. లేదు లేదన్న నోటికి లేమే వస్తుందని ఆమె నమ్మకం. రెండోది, ఖాళీ తొట్టిలి ఊపకూడదు. ఊపితే బిడ్డకు ఆగదు, అంటే మంచిది కాదు.

ఆ రెండోదానికి వాళ్ళ ఇళ్ళలో ఒక ముచ్చట ఉంది. పేరుపెట్టేరోజు తొట్టిలిలో ముందు బిడ్డను వెయ్యరు. అమ్మికల్లు మీద కారం నూరే గుండును కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దాన్ని పడుకోబెట్టి ఊపుతారు. దిష్టీ దెబ్బా ఏదున్నా ఇంటికి పెద్దబిడ్డగా ఆ రాయి తన మీద వేసుకుంటుందని. ఆ తర్వాత తొట్టిలికి ఇటొక ఆడమనిషి, అటొక ఆడమనిషి నిలబడి "గుండును తీసుకో, బిడ్డను ఇయ్యి" అనుకుంటూ రాయిని ఇవతలికి, బిడ్డను లోపలికి మార్చుకుంటారు. తమిళంలో ఆ గుండును కుళవి అంటారు. పసిబిడ్డనూ కుళవి అనే అంటారు. రెండు భాషల మధ్య కాపురం చేసేవాళ్ళకు అది వింతగా అనిపించదు.

ముత్తమ్మాళ్ పోయింది. ఆమె కొడుకు పళనిస్వామి, అంటే కమలవేణి మొగుడు, అతనూ కూతురి పెళ్ళికి ముందే పోయాడు. అంగడి కమలవేణి మీద పడింది. చెక్క తొట్టిళ్ళు కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఇంట్లో మిక్సీ వచ్చాక అమ్మికల్లు పెరట్లోకి పోయింది. గుండు మాత్రం లోపలే మిగిలింది.

మడత బండ్ల కథ సేలం బస్సు దగ్గర మొదలైంది. ఒక జంట పెళ్ళిపల్లకీ అంత బిడ్డ బండితో బస్సెక్కబోయారు. కండక్టరు రథాన్ని ఎక్కించుకోనన్నాడు. ఆయన బతిమాలాడు, ఆమె కోప్పడింది, బిడ్డ ఏడ్చింది. బస్సు వెళ్ళిపోయింది. పూలు కొనడానికి వచ్చి ఇదంతా చూసిన కమలవేణి, పూలు కొనకుండానే అంగడికి పోయి బెంగళూరు వ్యాపారికి ఫోను చేసింది. బస్సు సీటు కింద పట్టే బండి ఉందా, ఉంటే పంపించు, నచ్చకపోతే వెనక్కి పంపుతాను అంది. వెనక్కి పంపాల్సిన అవసరం రాలేదు.

అమ్మే తీరు ఆమెకే సొంతం. కొనేవాళ్ళకు అంగట్లో చూపించి ఊరుకోదు. బస్టాండులోకి తీసుకుపోయి, నిలబడి ఉన్న ఏ బస్సునో ఎక్కి, ఒంటిచేత్తో బండిని మడిచి సీటు కిందికి తోసి, "చూసినారా, కాలికి కూడా తగలదు" అనేది. కండక్టర్లు ఆమెను చూడగానే, అక్కా టికెట్టు తీసుకో అని ఆటపట్టించేవాళ్ళు. అయితే తోసి చూపించాలంటే బండి ఖాళీగా ఉండకూడదు కదా. అందుకని గుండుకు టోపీ తొడిగి కూర్చోబెట్టింది. "ఇది నా పెద్దోడు. అన్నం అడగడు, ఇస్కూలు ఫీజు అడగడు" అని నవ్వించేది. బేరం కుదిరాక రాయిని తన చేతుల్లోకి ఎత్తుకుని, "గుండును నేను తీసుకుంటాను, బిడ్డను మీరు ఇయ్యండి" అనేది. తమిళులు, కన్నడిగులు, తురకలు, కిరస్తానీలు, అందరూ నవ్వుతూనే బిడ్డను అందించేవాళ్ళు. అంగట్లో పనిచేసే పాప్పాత్తి మాత్రం ప్రతిసారీ రాయిని తాకి చేతిని కళ్ళకద్దుకునేది.

ఇంకా పుట్టని బిడ్డకు బండి కొనడానికి వచ్చే జంటల్ని మాత్రం తిప్పి పంపేసేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఏమి తొందర అనేది. ఆ పిల్ల తన కడుపు చూపించి, చూలు ఉంది కదా అత్తా అంటే, "చూలు ఉంటే చాలునా? సోమలింగం రానీ, అప్పుడు బండి" అనేది. వచ్చిన బేరాన్ని వద్దని పంపే వ్యాపారి ఈమె ఒక్కతేనని సందులో నవ్వుకునేవాళ్ళు.

ఇదంతా ముందరి కమలవేణి. ఇప్పటి కమలవేణి వేరే మనిషి. అంగడి తెరుస్తుంది, మూస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. బస్టాండుకు పోవడం మానేసింది. పెద్దోడిని ఎత్తాల్సి వస్తే పాప్పాత్తిని పిలుస్తుంది. మోచేతుల కింద నుంచి వేళ్ళ కొసల దాకా తిమ్మిరి. డాక్టరు నరాలు చూశాడు, రక్తం చూశాడు, ఏ జబ్బూ కనిపించలేదని మాత్రలు రాసిచ్చాడు. కాఫీ గ్లాసు కాలుతున్నదో చల్లారిందో పట్టుకుంటే తెలియదు, పెదవికి తగిలితేనే తెలుస్తుంది.

కూతురు నివేదితకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు పండింది. అల్లుడు గోకులకృష్ణన్‌ది, కమలవేణి పిలుపులో మాప్పిళ్ళది, పాలకోడు, వాళ్ళది టమాటా మండీ. అతను మాత్రం మండీలో కూర్చోకుండా సెల్‌ఫోను టవర్లు నిలబెట్టే కంపెనీలో చేరాడు. నెలకొక ఊరు. గాజులు తొడిగి పుట్టింటికి పంపినప్పుడు నివేదిత వచ్చి తల్లి దగ్గర అంగట్లో కూర్చునేది. అప్పుడే ఒక కొత్తరకం బండి వచ్చింది. విమానంలో తలమీది అరలో పట్టేంత చిన్నది. నివేదిత దాన్ని విప్పి, మూసి, మళ్ళీ విప్పి, "ఇది నాది" అంది.

"పుట్టకముందే కొనకూడదు నివీ. ఊరికంతా చెప్పేది నేనే కదా."

"కొన్నట్టు ఎట్లమ్మా? మన సరుకు మన అంగట్లోనే ఉండాది. అమ్మకానికి పెట్టకుండా ఉంటే చాలు, అంతే కదా."

బేరగాళ్ళ ఇంట పుట్టిన పిల్ల మాట అది. కమలవేణికి ముచ్చటేసింది. నిజమే, అరలో ఉన్నదాన్ని కొన్నారని ఎవరంటారు, యముడు వచ్చినా బిల్లు అడుగుతాడు గదా అనుకుని నవ్వుకుంది కూడా. నివేదిత ఆ బండిని గుమ్మం నుంచి వెనక మెట్ల దాకా తోసుకుంటూ పోయింది. ఖాళీ బండి. పెద్దోడు పక్క బండిలోనే ఉన్నాడు. పెట్టుకోమందామా అనుకుంది కమలవేణి. కడుపుతో ఉన్న పిల్ల రాయి ఎత్తకూడదు, తన చేతుల్లో చూస్తే పాలసీసాల పెట్టె ఉంది. పోనీలే అనుకుంది. బండిని మడిచి, పెట్టెలో పెట్టి, అటక మీదికి ఎక్కించారు.

నెలలు నిండుతుండగా బిడ్డ కడుపులో కదలడం ఆపేసింది. ఎందుకని అడిగితే డాక్టరమ్మ చాలాసేపు చెప్పింది. మొత్తం మీద ఎందుకో తెలియదనే చెప్పింది. బండికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఎవరినడిగినా చెబుతారు. కమలవేణికీ తెలుసు, నివేదితకూ తెలుసు. ఇద్దరూ ఒకరితో ఒకరు అటక మాట ఎత్తరు.

కాన్పు అయ్యాక నర్సు బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి బయటికి తెచ్చింది. అల్లుడి తరపు ఆడవాళ్ళు గోడవైపు తిరిగి ఉన్నారు. చేతులు చాచింది కమలవేణి ఒక్కతే. తల్లికి చూపించొద్దు, చూస్తే మరవలేదు అని వియ్యపురాలు అంది. మిగతా పెద్దవాళ్ళూ అదే అన్నారు. కమలవేణి సరేనని తల ఊపింది. చూడకపోతే మరుస్తుందని ఎవరు కనిపెట్టారో గాని, ఆ కనిపెట్టినవాడు బిడ్డను కన్నవాడు మాత్రం కాడు. గోకులకృష్ణన్ కారు తెచ్చేదాకా ఆమె బిడ్డను ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అతను వచ్చి తీసుకుని, పాలకోడులో వాళ్ళ పొలంలో పూడ్చిపెట్టి వచ్చాడు. మత్తు దిగిన నివేదిత, ఏ బిడ్డ అని మాత్రం అడిగింది. ఆడబిడ్డ అని చెప్పారు. ఆ పిల్ల ఇంకేమీ అడగకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ బెంచీ మీద నుంచి లేచినప్పుడు మొదలైంది చేతుల తిమ్మిరి. ఏడుపు వస్తుందేమోనని ఎదురు చూసింది. అది రాలేదు. పెద్దకర్మలూ పదోరోజులూ పసిబిడ్డకు ఉండవు కనుక అంగడి మూసి ఉంచడానికి సాకు కూడా లేకపోయింది. తెరిచి కూర్చుంది. పాత్రల అంగడామె, కమలవేణిది గుండె కాదమ్మా గుండే అని తనకొచ్చిన తెలుగులో అన్నదట. ఆ మాట పాప్పాత్తి మోసుకొచ్చింది. కమలవేణికి కోపం కూడా రాలేదు. ఉన్నమాటే కదా అనుకుని, గిలక్కాయల దుమ్ము తుడిచింది.

నివేదిత మెట్ల మీది గదిలోనే ఉండిపోయింది. మెట్లు అంగడి వెనక గోడ నుంచే పైకి పోతాయి. కింద పసిపిల్లలు వస్తారు, అందుకని కిందికి రాదు. తింటుంది, స్నానం చేస్తుంది, కిటికీలోంచి బస్సుల్ని చూస్తుంది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోకపోలేదు. పులుసులో ఉప్పు గురించి, మోటారు గురించి, కరెంటు గురించి మాట్లాడుకున్నారు. బిడ్డ ఎలా ఉండేదో అయినవాళ్ళలో చూసినది ఇద్దరే. అల్లుడు కళ్ళనిండా నీళ్ళతో చూశాడు, అతనికి చెప్పడానికేం మిగల్లేదు. ఒళ్ళో పెట్టుకుని వేలు వేలునూ చూసింది కమలవేణి. అది కన్నతల్లికి చెందిన సొమ్ము, తన దగ్గర ఉండిపోయింది. ఇచ్చెయ్యాలి. ఇచ్చే మాట నోట్లోకి రావడం లేదు.

గోకులకృష్ణన్‌ను గుజరాత్ వైపు వేశారు. ఈసారి ఏళ్ళపాటు అక్కడే. ఆదివారం వచ్చి నివేదితను తీసుకుపోతానని ఫోను చేశాడు. వెళ్తావా అని అడిగితే ఆ పిల్ల "పోతాను" అంది, అంగడికి పోయి వస్తానన్నట్టు. కమలవేణికి భయం పట్టుకుంది. ఇప్పుడు చెప్పకపోతే అంత దూరం పోయాక ఫోనులో చెప్పే మాట కాదు. ఏడాదికోసారి వచ్చినప్పుడు చెప్పే మాటా కాదు. కూతురు అడగనిది తను చెబితే పచ్చిపుండు గెలికినట్టవుతుందేమో. చెప్పకపోతే దాచుకున్నట్టవుతుంది. కాఫీ తీసుకుని పైకి పోయింది, కాఫీ ఇచ్చి దిగివచ్చింది. తల దువ్వుతానని కూర్చోబెట్టి జడ వేస్తూ, మొదలుపెట్టబోయి, "మజ్జిగ మిరపకాయలు కట్టి పెట్టినాను, మరువద్దు" అంది.

"సరి" అంది నివేదిత.

శనివారం మధ్యాహ్నం పాప్పాత్తి అన్నానికి ఇంటికి పోయింది. అంగడి ముందు ఒక కారు ఆగింది. చంకలో నెలల బిడ్డతో ఒక అమ్మాయి దిగి పరుగులాంటి నడకతో లోపలికి వచ్చింది. ఆమె వెనకే కారు తాళాలు ఊపుకుంటూ తమ్ముడు. ఆ పిల్ల పేరు షర్మిళ. ఈరోడు నుంచి బెంగళూరు విమానాశ్రయానికి పోతున్నారు. ఢిల్లీలో ఉన్న మొగుడి దగ్గరికి ఒంటరిగా బిడ్డతో ప్రయాణం. తొప్పూరు కనుమ దగ్గర టీకి ఆగినప్పుడు మడత బండిని టీ అంగడి గోడకు ఆనించి పెట్టి మరిచిపోయారు. ధర్మపురి వచ్చాక గుర్తొచ్చింది. కనుమలో లారీలు ఆగిపోయి ఉన్నాయి, వెనక్కి పోతే విమానం దొరకదు.

"ఒక చేతిలో బిడ్డ, ఒక చేతిలో బ్యాగు అత్తా. విమానం లోపలికే తీసుకుపోయే రకం కావాలి. బస్టాండులో అడిగితే మీ దగ్గర తప్ప దొరకదన్నారు" అని తమిళంలో చెప్పింది షర్మిళ.

కమలవేణి గుమ్మంలో ఉన్నవి చూపించింది. బస్సుకు సరిపోతాయి, విమానంలో తలమీది అరకు సరిపోవు. తమ్ముడు ఫోనులో కొలతలు చూసి తల అడ్డంగా ఊపాడు. సరిపోయేది ఒక్కటే. అది అటక మీద ఉంది. కమలవేణి కళ్ళు అటువైపు పోబోయి ఆగిపోయాయి.

"ఇంతకన్నా చిన్నది ఏదీ ఉండదా అత్తా?"

"లేదు" అంది కమలవేణి.

అన్న తర్వాత తన నోరు తనకే వింతగా తోచింది. ఈ అంగట్లో కోడలిగా కాలుపెట్టిన నాటి నుంచి సరుకు అడిగినవాళ్ళకు ఆ మాట చెప్పలేదు. షర్మిళకు ఇదేం తెలుస్తుంది, పాపం, మొహం వేలాడేసుకుని వెనుదిరిగింది. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

"ఉండాది" అంది నివేదిత. సగం మెట్ల మీద నిలబడి ఉంది. "అమ్మా, లేదనినావే. అవ్వ ఉంటే నోట్లో మిరపకాయ పెట్టి ఉండును."

కోపంగా అనలేదు. నవ్వుతూనూ అనలేదు. ఇన్ని నెలల తర్వాత అంగట్లోకి దిగి, స్టూలు వేసుకుని, అటక మీది పెట్టెను తనే దించింది. కమలవేణి స్టూలును పట్టుకోవాలనుకుంది, చేతులు కదల్లేదు. నివేదిత అట్టపెట్టె విప్పి, బండిని బయటికి తీసి, ఒంటిచేత్తో దులిపింది. అది టక్కున తెరుచుకుని నిలబడింది. షర్మిళ ముఖం వెలిగిపోయింది. తోసి చూద్దామని చెయ్యి చాచింది.

"ఉండండి. ఖాళీది తోయకూడదు" అంది నివేదిత, తమిళంలో.

గుమ్మంలోని బండి దగ్గరికి పోయి, బెల్టు విప్పి, పెద్దోడిని రెండు చేతులా ఎత్తింది. తెచ్చి కొత్త బండిలో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. షర్మిళ తమ్ముడికి నవ్వు వచ్చింది గాని అక్క చూపు చూసి ఆపుకున్నాడు. నివేదిత గుమ్మం నుంచి మెట్ల దాకా ఒకసారి, మెట్ల నుంచి గుమ్మం దాకా ఒకసారి తోసింది. ఆ రోజు తోసిన దారే. చక్రాలు ఎలా తిరుగుతున్నాయో, బ్రేకు ఎక్కడ తొక్కాలో, బిడ్డ నిద్రపోతే వీపు ఎలా వాల్చాలో చెప్పింది. తల్లి ఏళ్ళ తరబడి చెప్పిన మాటలే, అదే వరసలో. కమలవేణి బల్లకు ఆనుకుని చూస్తూ నిలబడింది. బల్ల అంచు చేతికి తగులుతున్నట్టు తెలియడం లేదు.

తర్వాత నివేదిత వంగి బెల్టు విప్పి, రాయిని ఎత్తి గుండెకు ఆనించుకుంది.

"గుండును నేను తీసుకుంటాను" అంది. అంతవరకే వచ్చింది. రాయిని ఇంకాస్త పైకి ఎత్తుకుని మిగతాది కూడా అంది. "బిడ్డను మీరు ఇయ్యండి."

షర్మిళకు అర్థమైందో లేదో, బిడ్డను బండిలో పడుకోబెట్టింది. బిడ్డ కాళ్ళు విసిరి, గిలక్కాయలకేసి చూసి, బొటనవేలు నోట్లో పెట్టుకుంది. వాళ్ళు తొందర తొందరగా మంచిమాటలు చెప్పి వెళ్ళిపోయారు. కారు సందు మలుపులో పూలబుట్టల్ని తప్పించుకుంటూ పోయింది.

నివేదిత చేతుల్లో పెద్దోడు అలాగే ఉన్నాడు.

"దాన్ని ఆడ పెట్టు నివీ. చేతులు నొస్తాయి."

ఆ పిల్ల పెట్టలేదు. గుమ్మంలోని బండి పక్కనే నిలబడి, రాయిని మోచేతి వంపులోకి జరుపుకుంది. టోపీ జారితే సరిచేసింది. కిందికే చూస్తూ అడిగింది.

"ఇంత ఉండెనా అమ్మా?"

ఏది అని కమలవేణి అడగలేదు. ఇన్నాళ్ళూ ఎలా మొదలుపెట్టాలా అని తను కొట్టుకులాడుతుంటే, కూతురు మొదలుపెట్టేసింది.

"రోంత తక్కువ" అంది.

నివేదిత తల ఊపింది. "నాకు ఎవురూ చెప్పలేదు. నువ్వు చెప్తావని చూసినాను. నేను తట్టుకోలేననుకుంటివి, అంతే కదా."

"తట్టుకోలేనిది నేను" అంది కమలవేణి. అది నిజం. అన్నాక గాని అది నిజమని ఆమెకే తెలియలేదు.

బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చింది. అరలోంచి ఒక తెల్లటి ఉయ్యాల గుడ్డ తీసి, అక్కడే అట్టపెట్టె మీద పరిచింది. "ఇయ్యి" అని చేతులు చాచింది. నివేదిత రాయిని ఆ చేతుల్లో పెట్టింది. బరువు ఆనింది. మోచేతుల కింద ముళ్ళు గుచ్చినట్టు నొప్పి లేచి వేళ్ళ దాకా పాకింది. తిమ్మిరి వదిలేటప్పుడు కాళ్ళలో చేతుల్లో అలాగే ఉంటుంది, అందరికీ తెలిసిందే. నొప్పికి పళ్ళు బిగించి, రాయికి టోపీ తీసేసి, గుడ్డ మీద పడుకోబెట్టింది.

"ఇట్ల చుట్టి ఇచ్చిరి" అంది, ఒక అంచు మడిచి. "తల ఈ పక్క. నిండా జుట్టు. నువ్వు పుట్టినప్పుడు నీకు ఉండిన మాదిరే నుదుటి మీద దాకా ఉండె. ముక్కు మాప్పిళ్ళది. పెదువులు రోంత నల్లగా ఉండినాయి, అంతే, మిగతాదంతా నిద్రపోయే బిడ్డ మాదిరే." రెండో అంచు మడిచింది. "కుడిచెయ్యి ఊరికే బయటికి జారతా ఉండె. నేను లోపల పెట్టినాను, మళ్ళా జారె. వేళ్ళు పొడుగు. చలి చేస్తాదేమో అని నా కొంగు కప్పినాను. చలి ఏంది, నాకు తెలిసి కూడా కప్పినాను."

నివేదిత గుడ్డనే చూస్తోంది.

"కింద పెట్టినారా ఎప్పుడైనా?"

"నేను పెట్టనియ్యలేదు. నర్సమ్మ ఆడ బల్ల మీద పెట్టమనె. నేను ఒళ్ళోనే పెట్టుకుని ఉండినాను. మాప్పిళ్ళ వచ్చేదాకా ఒళ్ళోనే. ఊపినాను కూడా. ఊపకూడదు ఏమో తెలీదు, ఊపినాను."

చివరి మడత వేసి, మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తుకుంది, పసిబిడ్డను ఎత్తుకున్నట్టే. బస్టాండులో సేలం సేలం అని అరుస్తున్నారు. గుమ్మంలో ఖాళీ బండి, దానికి ఇటు తల్లి, అటు కూతురు. నివేదిత రెండు చేతులూ చాచింది. ఇక్కడ అనాల్సిన మాట ఇద్దరికీ తెలుసు. అందులో సగమే, అదీ మార్చి అంది కమలవేణి.

"బిడ్డను తీసుకో."